టమాటా క్రేటులో కంప్యూటరు

కంప్యూటరులో ఉండే భాగాలన్నింటిలోకీ సామాన్యుడు తన చేత్తో తయారు చేసుకోగలిగింది దాని పెట్టె ఒక్కటే. ప్రాసెసరును గానీ మెమరీ చిప్పును గానీ తయారు చేయాలంటే వేల కోట్ల పెట్టుబడి, ధూళి కణం సైతం చొరబడని కర్మాగారం కావాలి. ఆ చిప్పులన్నీ కూర్చుండే ప్రధాన పలకను, అంటే మదర్‌బోర్డును, ఇంట్లో చేసుకోవడం ఊహకు కూడా అందదు. ఈ సున్నితమైన సామగ్రినంతా గాలి తగిలేలా, వేలు తగలకుండా బిగించి నిలబెట్టే పెట్టెను మాత్రం రేకు కత్తిరించడం, చెక్కకు బెజ్జం వేయడం వచ్చినవారు ఎవరైనా చేసుకోవచ్చు. ఇళ్లలో చాలామంది సీపీయూ అనీ, బజారులో కేబినెట్ అనీ పిలిచే ఈ పెట్టె కొత్తదైతే సాదా రకానికే 1500 నుంచి 3000 రూపాయల దాకా పడుతుంది. పాత భాగాలు ఏరి తెచ్చుకుని ఎనిమిది పది వేలలో కంప్యూటరు కూర్చుకోవాలనుకునే విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు.

ఇంట్లో పడి ఉన్న వస్తువులతో ఈ పెట్టెను చేసుకోవడానికి ధర్మపురి లాంటి ఊరు చక్కగా అనువైనది. ఇక్కడ ధర్మపురి అంటే గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన తెలంగాణ క్షేత్రం కాదు. తమిళనాడు వాయవ్య భాగంలో, బెంగళూరు నుంచి సేలం వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న జిల్లా కేంద్రం. 1965లో సేలం నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలో నుంచి 2004లో కృష్ణగిరి వేరు పడింది; తమిళంతో పాటు తెలుగు, కన్నడం ఇళ్లలో వినిపించే ప్రాంతమిది. మామిడి, చింతపండు, పట్టుగూళ్లు, పాలక్కోడు వైపు టమాటాలు ఇక్కడి సరుకు. కంప్యూటరు భాగాలు కావాలంటే అటు బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉంది, ఇటు చెన్నై రిచీ స్ట్రీటు ఉంది. రెండు చోట్లా పాత మదర్‌బోర్డులు దొరుకుతాయి. అవి పట్టే పెట్టెలు మాత్రం ధర్మపురి సంతలోనే గుట్టలుగా పడి ఉంటాయి, కాకపోతే వాటిని కంప్యూటరు పెట్టెలుగా ఎవరూ చూడరు.

పెట్టె చేసే పని ఏమిటో తెలిస్తే ఏ వస్తువు దానికి పనికివస్తుందో తేల్చుకోవడం తేలిక. మొదటిది, భాగాలను కదలకుండా పట్టి ఉంచాలి. బోర్డు అడుగున సూదుల్లా పొడుచుకు వచ్చిన టంకపు మొనలు ఏ లోహానికీ తగలకూడదు. రెండవది, లోపల పుట్టిన వేడిని బయటికి పంపాలి. మూడవది, 230 వోల్టుల కరెంటు మనిషికి తగలకుండా చూడాలి. దుమ్మును, పురుగును ఆపడం, రేడియో రొదను లోపలే ఉంచడం ఆ తరువాతి పనులు. వీటిలో మొదటిదాన్ని దాదాపు ఏ వస్తువైనా చేస్తుంది. రెండవదానికి కొంత లెక్క కావాలి. మూడవదానిలో మాత్రం పొదుపుకు చోటు లేదు. సొంతంగా పెట్టెలు చేసుకునేవారు పొరపాటు చేసేది ఎక్కువగా ఈ మూడవ చోటనే.

పెట్టె లేకుండా కంప్యూటరు అమ్మడం ఒకప్పుడు మామూలు వ్యవహారమే. ఆపిల్ సంస్థ 1976లో విడుదల చేసిన మొట్టమొదటి కంప్యూటరు, స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన ఆపిల్-1, ధర 666.66 డాలర్లు పలికినా కొన్నవారికి దక్కింది ఒట్టి బోర్డు మాత్రమే; కీబోర్డు, పవర్ సప్లై, పెట్టె కొన్నవారే సమకూర్చుకోవాలి. అలా తయారైనవే చెక్కపెట్టెల ఆపిల్‌లు. వాటిలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇరవై ఏళ్ల తరువాత, 1996 ప్రాంతంలో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ అన్వేషణ యంత్రం కోసం నాలుగేసి గిగాబైట్ల హార్డ్‌డిస్కులు పది కూర్చవలసి వచ్చినప్పుడు, పిల్లలు ఆడుకునే రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలతో వాటికి గూడు కట్టారు. గూగుల్ సంస్థగా ఏర్పడ్డాక కూడా ఆ పొదుపు బుద్ధి వదల్లేదు: 1999లో వారు వాడిన సర్వర్లలో పెట్టె అన్నదే లేదు, ఒక్కొక్క పళ్లెం మీద కార్క్ పలక పరిచి దానిపై నాలుగేసి మదర్‌బోర్డులను పక్కపక్కన పెట్టేశారు. సీసా మూతకు వాడే బెరడు విద్యుత్తును పోనివ్వదు కనుక అది అక్కడ మొదటి పని చేసింది. అది మండే పదార్థం కూడా అన్న సంగతిని ఆనాటి తొందర పక్కకు నెట్టింది.

ఇంటి తయారీకి నిజమైన దారి పరిచింది 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణం. మదర్‌బోర్డు ఎంత పొడవు వెడల్పులు ఉండాలి, దాన్ని బిగించే బెజ్జాలు ఎక్కడెక్కడ ఉండాలి, వైర్లు గుచ్చే రంధ్రాల వరుస ఏ అంచున రావాలి అన్నవన్నీ అందులో నిర్ణయమయ్యాయి. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ రెండు వైపులా గరిష్ఠంగా 244. 2001లో తైవాన్ సంస్థ వయా తెచ్చిన మినీ ఐటీఎక్స్ 170 మిల్లీమీటర్ల చదరం. దీనివల్ల లాభమేమంటే, ఇవాళ ఒక బోర్డుకు చేసిన పెట్టె అయిదేళ్ల తరువాత వచ్చే మరో బోర్డుకూ సరిపోతుంది. కొలతల పుస్తకం చూడనక్కర కూడా లేదు: బోర్డును దినపత్రిక మీద నెమ్మదిగా పెట్టి బెజ్జాల గుండా పెన్సిలుతో చుక్కలు పెట్టి, ఆ కాగితాన్ని చెక్క మీద అంటించి చుక్కల దగ్గర డ్రిల్లు వేస్తే పని అయిపోతుంది.

ధర్మపురిలో దొరికే వస్తువుల్లో టమాటా క్రేటుకు అగ్రస్థానం ఇవ్వవచ్చు. పాలక్కోడు మార్కెట్టుకు లారీల మీద వచ్చే ఈ రంగు క్రేట్లు గట్టి పాలిథిన్‌తో పోతపోసినవి. సుమారు 54 సెంటీమీటర్ల పొడవు, 36 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి కనుక పెద్ద ఏటీఎక్స్ బోర్డు పట్టి, పక్కన ఎస్‌ఎంపీఎస్‌కు కూడా చోటు మిగులుతుంది. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును చిప్పులకు కావలసిన 12, 5, 3.3 వోల్టులకు దించే ఇనుప డబ్బా. టమాటాలు ఊపిరాడక కుళ్లిపోకూడదని క్రేటు నాలుగు వైపులా పెట్టిన సందులే కంప్యూటరుకు గాలి కిటికీలవుతాయి. ప్లాస్టిక్ కరెంటును మోయదు గనుక బోర్డు అడుగు దానికి తగిలినా నష్టం లేదు. 2010 తరువాత బిట్‌కాయిన్ లెక్కల కోసం అమెరికాలో నాలుగైదు గ్రాఫిక్స్ కార్డులను రాత్రింబవళ్లు నడిపినవారు పాల క్రేట్లలో వాటిని వేలాడదీసింది ఈ గుణాల కోసమే.

పని ఇలా సాగుతుంది. క్రేటును ఒక పక్కకు పడుకోబెట్టి, దాని అడుగుభాగం ఇప్పుడు గోడలా నిలబడుతుంది గనుక, దానికి ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను నైలాన్ ట్యాగులతో బిగిస్తారు. బోర్డుకూ ప్లైవుడ్‌కూ మధ్య గాలి ఆడటానికి, టంకపు మొనలు ఒత్తుకోకుండా ఉండటానికి ఆరేడు మిల్లీమీటర్ల ఎడం కావాలి; కొన్న కేబినెట్లలో ఇందుకు ఇత్తడి స్టడ్లు వస్తాయి. అవి లేనప్పుడు ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను గొట్టాన్ని బ్లేడుతో సమానమైన తునకలుగా కోసి, ఒక్కొక్క బెజ్జం కింద ఒక్కొక్క తునక పెట్టి, మూడు మిల్లీమీటర్ల మరబోల్టు దూర్చి వెనక నట్టు బిగిస్తే అంతకన్నా బాగా నిలుస్తుంది. తునకలన్నీ ఒకే ఎత్తున లేకపోతే బోర్డు వంగి, నెలల తరువాత ఏదో ఒక టంకం చిట్లుతుంది. అందుచేత కోసిన తునకలను బల్ల మీద వరసగా నిలబెట్టి పైన స్కేలు ఆనించి చూడటం మంచిది. బోర్డును నేరుగా పట్టుకునే ముందు ఎర్తు ఉన్న ఏ ఇనుప వస్తువునైనా తాకాలి, ఎందుకంటే పొడి వాతావరణంలో ప్లాస్టిక్ రాపిడికి ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు చిప్పును చంపడానికి చాలు.

పెట్టె లేకపోతే ఆన్ చేసే మీట ఎక్కడి నుంచి వస్తుందన్నది చాలామందికి అడ్డు తగిలే ప్రశ్న. మదర్‌బోర్డు అంచున పవర్ స్విచ్ అని రాసిన రెండు చిన్న సూదులు ఉంటాయి. వాటిని ఒక్క క్షణం కలిపి వదిలితే కంప్యూటరు మేల్కొంటుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే కాలింగ్ బెల్ స్విచ్చు చేసే పని సరిగ్గా అదే: నొక్కినంతసేపు కలుపుతుంది, వదలగానే విడదీస్తుంది. లైటుకు వాడే స్విచ్చు ఇక్కడ పనికిరాదు. అది కలిపినది కలిపినట్టే ఉండిపోతుంది గనుక నాలుగైదు సెకన్లు గడవగానే బోర్డు దాన్ని బలవంతపు ఆపుదలగా అర్థం చేసుకుని ఆరిపోతుంది. ఈ సూదుల మధ్య ఉండేది అయిదు వోల్టులకు మించదు కాబట్టి సన్నని టెలిఫోన్ వైరు చాలు. ఒకసారి బోర్డుకు కలిపిన కాలింగ్ బెల్ స్విచ్చును మళ్లీ గోడ కరెంటు జోలికి మాత్రం పోనివ్వకూడదు.

ఇక వేడి సంగతి. కంప్యూటరు తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. ఆఫీసు పనికి వాడే యంత్రం వంద వాట్లు తీసుకుంటే ఆ పెట్టెలో వంద వాట్ల పాత బల్బు వెలుగుతున్నట్టే లెక్క. లోపలి గాలి గది గాలి కంటే పది డిగ్రీలు మించకుండా ఉండాలంటే సెకనుకు సుమారు తొమ్మిది లీటర్ల గాలి, అంటే గంటకు ముప్పై ఘనపు మీటర్లకు పైచిలుకు, పెట్టెలో నుంచి సాగిపోవాలి. 120 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాను అడ్డంకి లేనప్పుడు గంటకు అరవై ఘనపు మీటర్లకు పైగా తోస్తుంది. జాలీలు, వైర్లు అడ్డుపడి అది సగానికి తగ్గినా ఒక్క ఫ్యానుతో పని జరుగుతుంది. ఆటల కోసం మూడు వందల వాట్ల గ్రాఫిక్స్ కార్డు పెడితే మాత్రం లెక్క నాలుగింతలవుతుంది, అప్పుడు ఇంటి పెట్టె సరదా పక్కన పెట్టడమే మేలు. మే నెలలో ధర్మపురిలో గది ఉష్ణోగ్రత 38 డిగ్రీలకు చేరితే పెట్టె లోపల 48 అవుతుంది. ప్రాసెసరు వంద డిగ్రీల దాకా ఓర్చుకుని, ఆపైన తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. హార్డ్‌డిస్కుకు అంత ఓపిక లేదు, అరవై డిగ్రీలు దానికి హద్దు. అందువల్ల డిస్కును ఎప్పుడూ గాలి లోపలికి వచ్చే దారిలో, కింద, ప్రాసెసరుకు ఎగువన కాకుండా పెట్టాలి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి వచ్చే దారి కింద, పోయే దారి పైన ఉంటే ఫ్యానుకు కొంత సాయమవుతుంది.

రేకు పెట్టె చెక్కపెట్టె కంటే చల్లగా ఉంటుందన్న నమ్మకంలో కొంత నిజం ఉంది గానీ అనుకున్నంత లేదు. ఉక్కు వేడిని చెక్క కంటే కొన్ని వందల రెట్లు వేగంగా మోస్తుంది. కానీ గాలి ఆడని పెట్టెలో అసలు అడ్డు గోడ కాదు, గోడకు లోపలా బయటా అంటిపెట్టుకుని ఉండే నిశ్చలమైన గాలి పొర. నూనె డబ్బా అంత రేకు పెట్టెను పూర్తిగా మూసేస్తే, లోపలికీ బయటికీ పది డిగ్రీల తేడా దగ్గర అది పదిహేను ఇరవై వాట్లకు మించి బయటికి పంపలేదని అంచనా వేయవచ్చు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లకు అది చాలు, మామూలు కంప్యూటరుకు ఎంతమాత్రం చాలదు. గాలి బాగా ఆడే పెట్టె అట్టదైనా ఒకటే, అల్యూమినియందైనా ఒకటే.

అయినా పదిహేను కిలోల నూనె డబ్బా మీద ఆశ వదులుకోవడం కష్టం, ఎందుకంటే అది ప్రతి హోటలు వెనకా ఊరికే పడి ఉంటుంది. దాని అడుగు సుమారు 235 మిల్లీమీటర్ల చదరం, ఎత్తు 350కి దగ్గర. మినీ ఐటీఎక్స్ బోర్డు అందులో హాయిగా కూర్చుంటుంది. 244 మిల్లీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ మాత్రం తొమ్మిది మిల్లీమీటర్ల తేడాలో ఇరుక్కుపోతుంది. ఇక్కడ బడిలో చదివిన పైథాగరస్ సాయం వస్తాడు: మూల నుంచి మూలకు కొలిస్తే ఆ డబ్బా 332 మిల్లీమీటర్లు ఉంటుంది గనుక బోర్డును ఐమూలగా నిలబెడితే రెండు పక్కలా నాలుగేసి సెంటీమీటర్లు మిగిలి, నడిమధ్యలో ప్రాసెసరు ఫ్యానుకు పదిహేను సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. తక్కువ ధర బోర్డుల్లో చాలా వరకు 226 మిల్లీమీటర్ల పొడవే ఉంటాయి కనుక వాటికి ఈ తంటా కూడా అక్కర్లేదు. డబ్బాను ముందుగా వేడినీళ్లు, సీకాయపొడి లేదా సబ్బుతో జిడ్డు పోయేదాకా కడిగి ఎండలో ఆరబెట్టాలి. మిగిలిన నూనె పొర దుమ్మును పట్టి వారం తిరక్కుండా బంకగా మారుతుంది. తగరపు పూత ఉన్న ఆ ఉక్కు రేకు మందం మిల్లీమీటరులో మూడో వంతే కాబట్టి కత్తెరకు లొంగుతుంది, కోసిన అంచు మాత్రం వేలిని బ్లేడులా కోస్తుంది. అంచులను లోపలికి మడిచి సుత్తితో కొట్టడం, లేదా పాత సైకిలు ట్యూబును నిలువునా చీల్చి అంచుకు తొడగడం రేకు పనివారికి కొత్త కాదు.

రేకు పెట్టె విషయంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఎర్తింగ్ మీద. పాత ఇళ్లలో కంప్యూటరు కేబినెట్‌ను ముట్టుకుంటే చిమచిమలాడే అనుభవం చాలామందికి ఉంటుంది. టెస్టరు ఆనిస్తే అది వెలుగుతుంది కూడా. కారణం చెడిపోయిన భాగం కాదు. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట రేడియో రొదను అణచడానికి రెండు చిన్న కెపాసిటర్లు, అంటే విద్యుత్తును కొద్దిగా నిలవ ఉంచుకునే భాగాలు, ఒకటి ఫేజు నుంచి, ఒకటి న్యూట్రల్ నుంచి డబ్బా శరీరానికి కలిపి ఉంటాయి. ఎర్తు సరిగా ఉంటే ఆ కాస్త కరెంటు మూడో పిన్ను గుండా భూమిలోకి పోతుంది; ఎర్తు లేకపోతే డబ్బా ఫేజుకూ న్యూట్రల్‌కూ సగంలో, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ కెపాసిటర్లు పోనిచ్చే కరెంటు అత్యల్పం గనుక చిమచిమతో సరిపోతుంది. అయితే ఎస్‌ఎంపీఎస్ నిజంగా చెడిపోయి ఫేజు వైరే డబ్బాకు తగిలిన రోజున అదే ఎర్తు లేని రేకు డబ్బా ప్రాణం తీస్తుంది. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులోకి దూర్చే అడాప్టర్లు ఇక్కడ నిషిద్ధం. ఎస్‌ఎంపీఎస్ ఇనుప ఒళ్లు తగిలే చోట నూనె డబ్బా మీది రంగును గరుకు కాగితంతో గీకి, మెరిసే లోహం మీదనే మర బిగించాలి, లేకపోతే రంగు పొరే ఆ రెండింటి మధ్య గోడవుతుంది. చెక్కపెట్టె వాడితే ఎర్తు అక్కర్లేదనుకోవడం కూడా పొరపాటే: బోర్డు మీది లోహపు భాగాలు, యూఎస్‌బీ రంధ్రాల అంచులు ఎస్‌ఎంపీఎస్ ఒంటికే కలిసి ఉంటాయి, చిమచిమ వాటి గుండా చేతికి అందుతుంది.

అట్టపెట్టె గురించి వినగానే మంట గుర్తుకు రావడం సహజం. కాగితం తనంత తాను అంటుకోవడానికి 230 డిగ్రీల ప్రాంతానికి వేడెక్కాలి, ప్రాసెసరు వంద దాటదు. అందుచేత మామూలు నడకలో వేడికి అట్ట కాలిపోదు. భయపడవలసింది నిప్పురవ్వకు, వదులైన కనెక్టరు దగ్గర పుట్టే స్థానిక వేడికి, దుమ్ము పేరుకుని ఆగిపోయిన ఫ్యానుకు. అందువల్ల అట్టలో బోర్డు పెట్టినా ఎస్‌ఎంపీఎస్‌ను బయట, రాతి బండ మీదనో గచ్చు మీదనో ఉంచడం, దాని సొంత ఇనుప డబ్బాను ఎన్నడూ విప్పకపోవడం నియమంగా పెట్టుకోవాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని లోపలి పెద్ద కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది. అట్టకు ధర్మపురిలో అసలు శత్రువులు చెదపురుగు, కార్తీకమాసపు తేమ. మామిడి చెక్కకూ చెద భయం ఉంది. వేపచెక్క దొరికితే ఆ బెంగ తగ్గుతుంది, ప్లైవుడ్ అయితే పని తేలిక.

వెదురుది వేరే అందం. పట్టుపురుగులు గూళ్లు కట్టడానికి రైతులు వాడే చంద్రికలు, అంటే వెదురు తడిక మీద వెదురు బద్దను చుట్లు చుట్లుగా నిలబెట్టిన పెద్ద పలకలు, ఇప్పుడు మడిచిపెట్టే ప్లాస్టిక్ రకాలు రావడంతో అటకెక్కుతున్నాయి. వాటి తడికను కోసి చెక్క చట్రానికి పక్కగోడగా బిగిస్తే గాలికి ఎదురుండదు, చూడటానికి ఏ దుకాణపు కేబినెట్టూ దాని ముందు నిలవదు. కానీ ఆ సందుల్లో నుంచి గాలితో పాటు చీమ, బొద్దింక, బల్లి కూడా వస్తాయి. వెచ్చదనం కోరి లోపల చేరిన బల్లి ఎస్‌ఎంపీఎస్‌లో చచ్చి షార్టు చేయడం రిపేరు దుకాణాల్లో మామూలుగా వినిపించే మాట. కిటికీలకు వాడే దోమల జాలీని లోపలి వైపు బిగించి, నెలకోసారి పాత పెయింటు బ్రష్షుతో దాని మీది దుమ్ము దులపడం తప్ప దీనికి వేరే మందు లేదు.

వస్తువుల్లో వింతలకు అంతు లేదు, అన్నీ అనుసరించదగినవీ కావు. అమెరికాలోని ప్యూజెట్ సిస్టమ్స్ సంస్థ 2007లో చేపల తొట్టిలో మినరల్ ఆయిలు నింపి అందులో కంప్యూటరును ముంచి నడిపి చూపింది. ఆ నూనె విద్యుత్తును మోయదు, వేడిని గాలి కంటే బాగా లాగుతుంది. అది చదివి వంటనూనెతో ప్రయత్నించాలని ఎవరికైనా తోస్తే మానుకోవడం మంచిది: నువ్వుల నూనె వేడికి కొన్నాళ్లలో ముక్కిపోతుంది, కొబ్బరినూనె చలికాలపు తెల్లవారుజామున గడ్డకడుతుంది, ఏ నూనె అయినా తిరిగే హార్డ్‌డిస్కును పాడు చేస్తుంది. గ్రానైటు క్వారీల ప్రాంతం గనుక రాతి పలకల మధ్య కంప్యూటరును కూర్చాలన్న ఆలోచన కూడా రావచ్చు. బరువు తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

లోహేతర పెట్టెల్లో ఇంకొక చిక్కు రేడియో రొద. సెకనుకు కోట్లాది సార్లు మారే సంకేతాలు వైర్లలో పరుగెడుతుంటే అవి చిన్న ప్రసార కేంద్రాలై చుట్టుపక్కల రేడియోలో గరగర పుట్టిస్తాయి. 1970ల చివర అమెరికాలో అమ్ముడుపోయిన టీఆర్‌ఎస్-80 తొలి మోడల్ కంప్యూటరు ఈ గరగరకు పేరుమోసి, కొత్త రేడియో నియమాలకు ఒదగలేక 1981లో మార్కెట్టు నుంచి తప్పుకుంది. క్రేటులోని కంప్యూటరు పక్కన మీడియం వేవ్ పెట్టి వినాలనుకునే ఇంటి పెద్దకు అభ్యంతరం ఉంటే, ప్లైవుడ్ వెనక వంటింటి అల్యూమినియం రేకు అంటించి దాన్ని ఎస్‌ఎంపీఎస్ ఒంటికి కలపవచ్చు, బోర్డుకు మాత్రం తగలనివ్వకూడదు. దీనికి తిరగబడిన ఇబ్బంది రేకు డబ్బాలో ఎదురవుతుంది: చుట్టూ లోహం ఉంటే వైఫై లోపలికి రాదు, యాంటెన్నాను డబ్బా బయటికి తీయక తప్పదు.

2012 ఫిబ్రవరిలో 35 డాలర్లకు వచ్చిన రాస్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్లతో ఈ కష్టాలు చాలా వరకు తీరాయి. 85 మిల్లీమీటర్ల పొడవు, 56 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ పలక ప్రయాణాల్లో వాడే సబ్బుపెట్టెలో పడుతుంది, గోడ కరెంటు దానిలోకి రానే రాదు, సెల్‌ఫోను చార్జరు లాంటిదే దానికి చాలు. పిల్లలు మొదట చేయి పెట్టవలసింది దీని మీదనే. ఇంకొక వనరు తమిళనాట ప్రత్యేకంగా ఉంది: 2011 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్లస్‌టూ, కళాశాల విద్యార్థులకు లక్షల సంఖ్యలో ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. వాటిలో తెర పగిలినవీ మడతబందు విరిగినవీ బీరువాల మీదికి ఎక్కినంత మాత్రాన వాటి పని తీరిపోదు. బోర్డు బతికి ఉంటే దాన్ని ఫొటో ఫ్రేము వెనక బిగించి పాత మానిటరుకు కలిపితే ఇరవై ముప్పై వాట్లలో నడిచే కంప్యూటరు తయారవుతుంది. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ముందే తీసేయాలి.

ఇలాంటి పనిని ఒక ఉద్యమంగా చేసినవారు లేకపోలేదు. 2011లో పారిస్‌లోని ఒక డిజైన్ కళాశాల విద్యార్థులు ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యానును కోసి, అందులో పారేసిన కంప్యూటర్ల భాగాలు బిగించి దానికి జెర్రీ అని పేరు పెట్టారు. ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో యువకులు దాన్ని అందిపుచ్చుకుని గుంపులుగా కూర్చుని తయారు చేశారు. ధర్మపురి జిల్లాలోనే సిట్టిలింగి లోయలో గిరిజన పిల్లల కోసం నడిచే తుళిర్ అనే విద్యాకేంద్రం వడ్రంగం, కట్టుబడి, ఎలక్ట్రానిక్స్‌ను పుస్తకాల చదువుతో కలిపి నేర్పుతోంది. క్రేటు కంప్యూటరు లాంటి పని అచ్చంగా అలాంటి చోటికి తగినది. ఒక్క బోర్డు బిగించడంలో కొలత, ఉష్ణం, విద్యుత్తు మూడూ చేతికి తగులుతాయి.

పెట్టె మీద మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నదానికి జవాబు సందేహం లేనిది: ఎస్‌ఎంపీఎస్ మీద. చవక కేబినెట్‌తో పాటు వచ్చే, పైన 450 వాట్లని చీటీ అంటించిన తేలికపాటి డబ్బాలు ఆ వాట్లను నిలకడగా ఇవ్వలేవు. పేరున్న కంపెనీ చేసిన, చేతిలో పట్టుకుంటే బరువు తెలిసే, బీఐఎస్ గుర్తు ఉన్న ఎస్‌ఎంపీఎస్ కొంటే కంప్యూటరుతో పాటు ఇల్లూ క్షేమం. కరెంటు హెచ్చుతగ్గులున్న వీధుల్లో దానికి ముందు ఒక యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది.

అంతా బిగించాక మొదటిసారి ఆన్ చేసే ముందు విడి మర ఏదైనా బోర్డు వెనక జారిపడిందేమోనని పెట్టెను రెండు చేతులా పట్టుకుని అటూఇటూ వంచి చప్పుడు వినాలి. ఆ తరువాత పొడి చేత్తో ప్లగ్గు పెట్టి, టెస్టరును లోహపు భాగానికి ఆనించి వెలగలేదని చూసుకుని, అప్పుడే కాలింగ్ బెల్ స్విచ్చు నొక్కాలి. బోర్డు సెట్టింగుల పేజీలో ప్రాసెసరు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. అది చూసి సంతోషపడిపోకుండా, ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటల వేళ, గదిలో ఫ్యాను ఆపేసి, ఒక గంటపాటు వీడియో నడిపి మళ్లీ చూడాలి. ఎనభై దాటితే ఫ్యాను దిశ తప్పుగా ఉందో, గాలి పోయే దారి గోడకు ఆనుకుందో వెతకాలి. ఎనభై లోపల ఉంటే ఆ పెట్టె మరో మార్పు అవసరం లేకుండా ఏళ్ల తరబడి పని చేస్తుంది.